పిచర్‌ని ఎప్పుడు మార్చాలో నేను చెప్పను

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

ఉదయం 6.10. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసాలు, శ్రమదినాలు, మొదలయ్యాయి. అత్తగారు సుశీలమ్మ మాంసం మానేశారు. మా ఆయన డేవిడ్ కాఫీ మానేశాడు. నిరుడూ మానేశాడు, మూడో రోజుకి టీ కూడా కాఫీ రంగులో ఉందని దిగులుపడి మళ్లీ మొదలుపెట్టాడు. నేను మాత్రం ఈ ఇంట్లో ఎవరూ చేయని ఉపవాసం చేయబోతున్నాను. నోటి ఉపవాసం! ఈ నలభై రోజులు మా మరిది సాల్మన్ కోచింగ్ గురించి ఒక్క మాట అనను.

ఎందుకో రాసి పెట్టుకుంటాను. మధ్యలో కోపం వస్తే చదువుకోవచ్చు.

కాడుగోడి స్టేషన్ వెనక గ్రౌండ్‌లో పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు ఉంది. కోచ్ సాల్మన్. మా పై పోర్షన్‌లోనే ఉంటాడు. వారమంతా పీణ్యలో లేత్ మిషన్ల దగ్గర సూపర్‌వైజరు, శనివారం కోచ్. మా కృప అందులో రిలీఫ్ పిచర్. అంటే బంతి విసిరే మొదటి పిల్ల అలిసిపోతే ఆ స్థానంలో దిగే పిల్ల. ఎప్పుడు దింపాలన్నది కోచ్ తెలివిని బట్టి ఉంటుంది. ఇక కృప గతి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

పోయిన నవంబరులో మొదటి పిచర్ సహన చెయ్యి పడిపోతుంటే సాల్మన్ గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు. ఉండబట్టలేక "చేతకాకపోతే నువ్వే దిగిపో సాల్మన్!" అని అరిచాను. కాస్త గట్టిగానే. అవతలి జట్టు చప్పట్లు కొట్టింది. కృప ఆటోలో ఇల్లు చేరేదాకా ఏడ్చింది. దిగేటప్పుడు చెప్పింది: "ఇంకొక్కసారి గ్రౌండ్‌లో అరిచినావంటే గ్లవ్ చిన్నాయనకి ఇచ్చేస్తా మమ్మీ. మళ్ల ఆడను. నిజ్జంగా."

అన్నంత పనీ చేసే రకం. నా కడుపున పుట్టింది కదా. పుస్తకం ముట్టని పిల్ల, చీపురు ముట్టని పిల్ల, ఆ గ్లవ్‌కి మాత్రం వారం వారం నూనె రాస్తుంది. నా నోటి మూలంగా అది ఆట మానేస్తే నన్ను నేను క్షమించుకోలేను.

కాబట్టి నోరు కట్టేశాను. ఐసీయూలో పన్నెండేళ్లుగా డాక్టర్ల తెలివితక్కువతనాన్ని చిరునవ్వుతో భరిస్తున్న నర్సుని. ఒక్క మరిదిని భరించలేనా? ఇదేం పెద్ద పని!

ఫిబ్రవరి 21, శనివారం

ఉదయం 7.30. లీగ్ మొదటి మ్యాచ్. నోట్లో లవంగం పెట్టుకున్నాను. పంటి కింద నలిగినప్పుడల్లా ఉపవాసం గుర్తుంటుందని.

8.00. సహన బాగా వేస్తోంది. సాల్మన్ కొత్త టోపీ పెట్టుకున్నాడు. టోపీ బాగుంది. (పొగిడాను. ఇది తప్పు కాదు.)

8.40. నాలుగో ఇన్నింగ్స్. సహన మూడుసార్లు భుజం పట్టుకుంది. నాకు అరవై అడుగుల దూరంలోంచి కనిపించింది. పక్కనే ఉన్న కోచ్‌కి కనిపించలేదు. ఆయన స్కోరు బోర్డు చూస్తున్నాడు, దానికేమైనా భుజం నొప్పి ఉందేమోనని.

8.55. ఆఖరిది, అయిదో ఇన్నింగ్స్. సహన బంతులు ఎటు పడితే అటు పోయి పరుగు దారిలోని మూడు బేసుల్లోనూ అవతలి పిల్లలు నిలబడ్డారు. అప్పుడు కోచ్‌గారికి జ్ఞానోదయమైంది. "కృపా! కృప యాడ?"

కృప కొళాయి దగ్గర బాటిళ్లకి నీళ్లు పడుతోంది. పంపింది ఆయనే. తడి చేతులతో పరిగెత్తుకొచ్చి, వార్మప్ లేకుండా, మొదటి బంతి క్యాచర్ నెత్తి మీదుగా విసిరింది. 8-7తో ఓడిపోయాం.

మా వార్డులో డ్యూటీ మారేటప్పుడు వచ్చే నర్సుకి పేషెంట్ సంగతంతా అప్పగించి దిగుతాం. గుండె ఆగిపోయాక "రా సిస్టర్, ఇక నువ్వు చూసుకో" అనం.

ఇది ఇక్కడ రాశాను. బయట అనలేదు. లవంగం మింగేశాను.

9.20. సాల్మన్ దగ్గరికొచ్చాడు. "ఏమి వదినా, ఏమీ అనలేదే? ఒళ్లు బాగుండాదా?"

"బాగానే ఉంది సాల్మన్" అన్నాను. పరలోకంలో నా పేరు పక్కన ఒక టిక్కు పడి ఉంటుంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

నేను మానేసింది నోటితో అనడం. వేళ్ల గురించి ఎక్కడా రాయలేదు. పైన చదివి చూసుకున్నాను, నిజంగానే రాయలేదు.

మధ్యాహ్నం 2.15. సాల్మన్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. పద్నాలుగు లైన్లు. సారాంశం: మొదటి పిచర్ అలిసిపోకముందే మార్చు. మర్యాదగానే రాశాను. 'బుద్ధి' అన్న మాట ఒక్కసారే వాడాను.

2.40. జవాబు వచ్చింది. బొటనవేలు, రెండు దండాలు. అర్థమైందనుకుంటా. దేవునికి స్తోత్రం.

ఫిబ్రవరి 28, శనివారం

అర్థం కాలేదు!

ఈ సాల్మన్ పాతికేళ్లు కాడుగోడి గల్లీల్లో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడినవాడు. త్వరగా మార్చమంటే బౌలర్లని మార్చినట్టు మార్చడం మొదలుపెట్టాడు. మొదటి ఇన్నింగ్స్ సహన. రెండోది కృప. మూడోది భవ్య. మూడూ బాగానే పోయాయి. 4-2తో మనమే ముందు.

8.35. నాలుగో ఇన్నింగ్స్. చేతులు రుద్దుకుంటూ కేకేశాడు. "కృపా, రా! సెకండ్ స్పెల్!"

అంపైర్ మంజునాథ్ గవర్నమెంట్ స్కూల్లో పీటీ సారు. పాపం, చాలా ఓపిక. "సార్, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి బయటికి పోయిన పిల్ల మళ్ల లోపలికి రాకూడదు. రూలు."

"ఒక్క ఓవరే కదప్పా."

"ఓవర్ లేదు సార్. ఇది క్రికెట్ అల్ల, కాదు."

"మరి సహన?"

"మొదట ఆడినోళ్లు ఒకసారి తిరిగి రావచ్చు. రమ్మను."

సహన బూట్లు విప్పేసి చిత్రాన్నం తింటోంది. ఇక నాకు ఈ రోజు పని లేదనుకుంది పిల్ల, దాని తప్పేముంది? నోట్లో ముద్దతో, లేసులు కట్టుకోకుండా వచ్చి విసిరింది. వరసగా నాలుగు పరుగులు ఇచ్చింది. ఓటమి, 6-4.

మూడేళ్లుగా కోచ్. రూలు పుస్తకం బైకు డిక్కీలో ఉంది. దాని మీద టిఫిన్ బాక్స్ పెడతాడు, కదలకుండా ఉంటుందని.

నేను అరవలేదు. దగ్గాను. పదిహేనుసార్లు దగ్గాను. కృప నా వైపు చూసింది. దగ్గడం అరవడం కాదు అన్నట్టు మంచినీళ్లు తాగి చూపించాను.

సాయంత్రం 5.00. డేవిడ్ ముందు గంటసేపు సాల్మన్ గురించి మాట్లాడాను. మొగుడి చెవి బయటి చెవి కాదు. పైగా ఆయన వినడు.

మార్చి 7, శనివారం

ఉదయం 9.30. వరసగా రాస్తాను.

ఈ మ్యాచ్ గెలిస్తే సెమీఫైనల్. సహన అద్భుతంగా వేస్తోంది. అయినా సాల్మన్‌కి ఒక అలవాటు. పిచర్ తడబడితే ఆట ఆపించి, పిచర్ నిలబడే సర్కిల్ దాకా నడిచి వెళ్లి, పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. సహన వాళ్ల నాన్న హేమంత్‌కుమార్‌కి అభ్యంతరం లేదు, ఏ దేవుడైనా ఔట్ ఇస్తే చాలంటాడు. కానీ రూలు ఉంది. కోచ్ అలా మ్యాచ్‌కి మూడుసార్లే వెళ్లొచ్చు. నాలుగోసారి వెళితే పిచర్‌ని బయటికి పంపేస్తారు.

మొదటి ప్రార్థన: రెండో ఇన్నింగ్స్, సహన బంతులు గురి తప్పి వరసగా ఇద్దరిని ఊరికే బేసుకి వదిలినప్పుడు.

రెండోది: మూడో ఇన్నింగ్స్, కుక్క గ్రౌండ్‌లోకి వచ్చినప్పుడు. సహనకీ కుక్కకీ సంబంధం లేదు.

మూడోది: నాలుగో ఇన్నింగ్స్, కారణం దేవునికే తెలియాలి.

ఆఖరి ఇన్నింగ్స్. 5-4తో మనమే ముందు. ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కరు చాలు. ఆ రెండో పిల్లని సహన మూడు బంతుల్లోనే ఔట్ చేసింది. సాల్మన్ మళ్లీ లేచాడు. నడుస్తున్నాడు! నేను చున్నీ అంచు నోట్లో కుక్కుకున్నాను.

మంజునాథ్ సార్ వాచీ చూసి అడిగాడు. "ఇప్పుడు ఎందుకు సార్ వచ్చింది?"

"స్తుతి చెల్లిద్దామని సార్. దేవుడు మేలు చేసినాడు కదా, థ్యాంక్స్ చెప్పకుంటే ఎట్ల?"

"నాలుగోసారి సార్ ఇది. పిచర్ బయటికి పోవాల."

రెండు వేల ఏళ్ల క్రైస్తవ చరిత్రలో కృతజ్ఞతాస్తుతి చెల్లించి సొంత పిచర్‌ని ఔట్ చేయించిన మనిషి ఇంకొకడు ఉండడు. కృప దిగింది. అంపైర్ ఇచ్చిన అయిదు సాధన బంతులే వార్మప్. దేవుని దయవల్ల అవతలి పిల్ల కొట్టిన బంతి గాల్లోకి లేచి భవ్య చేతిలో పడింది. గెలిచాం.

సాల్మన్ పిల్లల్ని కూర్చోబెట్టి చెప్తున్నాడు: "కృపని ఆఖరికి దాచిపెట్టింది నా ప్లానే."

ప్లానట!

మార్చి 8, ఆదివారం

శ్రమదినాల నలభై రోజుల్లో ఆదివారాలు లెక్కలోకి రావు. నేను కనిపెట్టింది కాదు, పాస్టర్‌గారే చెప్పారు. అంటే ఆదివారం నా నోటికి సెలవు. చర్చి ఆవరణ గ్రౌండ్ కూడా కాదు.

10.45. ఆరాధన అయ్యాక టీ తాగే చోట సాల్మన్ నలుగురికీ తన ప్లాను వివరిస్తున్నాడు. నేను టీ గ్లాసు కింద పెట్టాను.

ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఏం అన్నానో అంతా గుర్తులేదు. కొన్ని గుర్తున్నాయి. "చెయ్యి అలిసిందో లేదో తెలియనివాడికి లేత్ మిషన్లు ఎవరిచ్చారు?" "స్కోరు బోర్డుని కాదు, పిల్లని చూడు!" "మా వార్డులో ఆయా కూడా నీకంటే బాగా నడుపుతుంది జట్టుని."

అత్తగారు మధ్యలోకి వచ్చారు. "వాడు ప్రార్థనే కదమ్మా చేస్తా ఉండాడు, తాగి తిరగతా లేడు కదా!"

సాల్మన్ ముఖం నల్లబడింది. తర్వాత అన్నాడు: "సరే వదినా. ఇరవై ఒకటో తేదీ సెమీఫైనల్. మీరే నడపండి. నేను చూస్తా కూర్చుంటాను."

"నడుపుతాను" అన్నాను.

కృప గ్లాసులు ఏరుతోంది. నా వైపు చూడలేదు.

మార్చి 14, శనివారం

పరీక్షల కోసం ఈ వారం మ్యాచ్ లేదు. మంచిదైంది. తయారీకి టైము దొరికింది.

చార్టు గీశాను. ఐసీయూ చార్టులాగే. పిల్లల పేర్లు, ఒక్కొక్కరు విసిరిన బంతులు, చెయ్యి పరిస్థితి, ఎన్నో ఇన్నింగ్స్‌లో మార్చాలి. మూడు రంగుల పెన్నులు. ప్లాను: మొదటి రెండు ఇన్నింగ్స్ కృప, మూడు నుంచి సహన. కృపని మొదట దించుతున్నది నా కూతురని కాదు. సహన భుజానికి విశ్రాంతి కావాలి. ఇది వైద్యపరమైన నిర్ణయం. సహనని మాత్రం ముందు నుంచీ వార్మప్ చేయిస్తాను, కొళాయి దగ్గరికి పంపను.

ఉపవాసం సంగతి? కోచ్ మాట్లాడకుండా ఎలా నడుపుతుంది? ఆ ఒక్క రోజు మినహాయింపు.

డేవిడ్ చార్టు చూసి "రంగులు బాగున్నాయి" అన్నాడు. ఈ ఇంట్లో ఎవరికీ విషయం అక్కర్లేదు.

కృప చార్టు చూసి అడిగింది. "మమ్మీ, అరవవు కదా?"

"కోచ్‌లు అరవరే. సూచనలిస్తారు" అన్నాను.

మార్చి 21, శనివారం

ఉదయం 7.40. నా కూతురు మొదటి పిచర్! సాల్మన్ కాంపౌండు గోడ మీద కూర్చున్నాడు, చేతులు ఒళ్లో పెట్టుకుని. సహన వార్మప్ చేస్తోంది. చూశావా సాల్మన్, ఇలా నడపాలి.

8.10. రెండు ఇన్నింగ్స్ అయ్యాయి. మనం 5, వాళ్లు 0. చార్టు ప్రకారం ఇప్పుడు మార్చాలి. కానీ ఇంత బాగా వేస్తున్న పిల్లని ఎవరైనా మారుస్తారా?

8.30. మూడో ఇన్నింగ్స్ కూడా అయింది. 6-1. సహన ఇంకా వార్మప్ చేస్తోంది. మంచిదే, చెయ్యి వేడిగా ఉంటుంది.

(ఇక్కడి నుంచి ఇంటికొచ్చి రాస్తున్నాను. సాయంత్రం 4.00.)

నాలుగో ఇన్నింగ్స్‌లో కృప వరసగా ఇద్దరిని వదిలింది. మోచెయ్యి పట్టుకుంది. నాకు కనిపించింది. కనిపించలేదని రాయలేను. ఒకరు ఔటయ్యారు. ఇంకో ఇద్దరు ఔటైతే ఇన్నింగ్స్ నా కూతురి పేరున ముగుస్తుంది. గోడ మీద ఆయన చూస్తున్నాడు.

కృప చెయ్యెత్తింది. "మమ్మీ, మార్చు. చెయ్యి లాగుతా ఉండాది."

"ఇంకొక్క ఔట్! నిలబడు!"

రెండు పరుగులు పోయాయి. మంజునాథ్ సార్ అడిగాడు. "మేడమ్, చేంజ్ చేస్తారా?"

"వద్దు సార్."

ఇంకో రెండు పోయాయి. కృప మళ్లీ చెయ్యెత్తింది. "మమ్మీ, ప్లీజ్."

అప్పుడు అరిచాను. నవంబరు కంటే గట్టిగా. "ఎవరి కోసమే ఇదంతా? నీ కోసం కాదూ! విసురు!"

కృప విసిరింది. అవతలి పిల్ల కొట్టిన బంతి కంచె దాటింది. 7-6, వాళ్లే ముందు. అప్పుడు మార్చాను.

సహన వచ్చింది. గంటసేపటి నుంచి వార్మప్ పేరుతో బంతులు విసురుతూనే ఉంది, ఆపమని నేను చెప్పలేదు. చేతిలో ఏమీ మిగల్లేదు. మొదటి బంతి బ్యాటరు ముందున్న ప్లేటు చేరకముందే నేల మీద పడింది. 9-6తో ఓడిపోయాం.

సాల్మన్ ఆలస్యంగా మారుస్తాడు. నేను ఇంకా ఆలస్యంగా మార్చాను. సాల్మన్‌కి పిల్ల నొప్పి కనిపించదు. నాకు కనిపించింది. ఏది పెద్ద తప్పో చెప్పడానికి చార్టు అక్కర్లేదు.

అతను గోడ దిగి వచ్చాడు. ఇప్పుడు అంటాడు, అననీ అనుకున్నాను. బ్యాట్ల సంచి భుజానికి వేసుకుని "నీళ్లు తాగండి వదినా, ఎండ ఎక్కువుండాది" అని వెళ్లిపోయాడు. ఏదో ఒకటి తిట్టి ఉంటే బాగుండేది.

కృప ఆటోలో ఏడవలేదు. ఇంటికి రాగానే మెట్లెక్కి, గ్లవ్ చిన్నాయన గుమ్మం ముందు పెట్టి వచ్చింది.

మార్చి 22, ఆదివారం

కృప ఫ్రిజ్‌లోంచి ఐసు తీసుకుని తనే మోచేతికి పెట్టుకుంటోంది. పక్కన కూర్చుని, ఎక్కడ నొప్పి, చూపించు అన్నాను.

"నిన్న చెప్తిని కదా మమ్మీ. రెండుసార్లు."

కరిగి కారిన ఐసు నీళ్లు తుడిచి లేచాను.

మార్చి 25, బుధవారం

వాపు లేదు. లాగుడు తగ్గింది. నిద్రపోతున్నప్పుడు చూశాను, మెలకువగా ఉంటే చూపించదు.

గ్లవ్ నాలుగు రోజులుగా పైనే ఉంది. అత్తగారు మెట్ల కింద నిలబడి నాకు వినిపించేలా అన్నారు: "మెడికల్ చదివినోళ్లకి అన్నీ తెలుసంటారు."

సాయంత్రం 6.30. సాల్మన్ పీణ్య నుంచి మెట్రో దిగి, బ్యాగు కూడా పెట్టకుండా గ్లవ్ తీసుకుని కిందికొచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. తలుపు వెనక నిలబడి విన్నాను. సిగ్గులేదు, విన్నాను.

"శనివారం మూడో స్థానానికి మ్యాచ్ ఉండాది తల్లీ. ఆడొద్దు, ఊరికే రా. బాటిళ్లకి నీళ్లు పట్టేదానికి ఎవరూ లేరు."

కృప నవ్వింది. నాలుగు రోజుల్లో మొదటిసారి. "నీళ్లకైతే రాను. ఆడేదానికైతే వస్తా. మమ్మీ మాత్రం రాకూడదు."

"అది మీ అమ్మకి నువ్వే చెప్పుకో. నాకు భయం."

చెప్పింది. సరే అన్నాను. కంది పప్పు మాడిపోయింది.

మార్చి 28, శనివారం

ఉదయం 7.30. ఇంట్లో ఉన్నాను. డేవిడ్ వెళ్లాడు. మెసేజ్‌లు పెట్టమని ప్రాధేయపడ్డాను.

7.55. డేవిడ్: ఆట మొదలైంది.

8.20. డేవిడ్: ఎండగా ఉంది.

8.22. ఎవరు వేస్తున్నారు అని అడిగాను.

8.41. డేవిడ్: మనవాళ్లే.

ఈ మనిషితో పదహారేళ్లు కాపురం చేశాను.

10.15. కృప వచ్చింది. సాక్సు విప్పుతూ తనంతట తనే చెప్పింది. "మూడో ఇన్నింగ్స్‌లో దిగినా. నాలుగో దాంట్లో కొంచెం లాగినట్టు అనిపించింది. చెయ్యెత్తినా. చిన్నాయన మార్చేసినాడు."

"ఎంతసేపటికి మార్చాడు?"

"ఎంతసేపేంది? ఎత్తినా, మార్చినాడు. ఒక్క పరుగు ముందుంటిమి, సహన కూర్చోనుండాది, భవ్య వచ్చింది."

భవ్యని పెట్టాడట! ఒక్క పరుగు ముందున్నప్పుడు, సహన ఖాళీగా కూర్చుని ఉండగా, భవ్యని! ఎవరైనా...

"గెలిచారా?" అన్నాను.

"లేదు, ఓడిపోయినాం" అంది, హాయిగా. దోసెలు వేయమంది. నాలుగు తింది. గ్లవ్ పక్కనే పెట్టుకుని తింది.

మార్చి 29, మట్టల ఆదివారం

ఉదయం 6.10. తీర్మానం మళ్లీ మొదలు. రోజు 1. సాల్మన్ కోచింగ్ గురించి ఒక్క మాట అనను. నోటితో, వేళ్లతో, దగ్గుతో. మొగుడి చెవిలో కూడా. గడువు లేదు.

మధ్యాహ్నం 1.00. జూన్ లీగ్‌కి నేను రావచ్చా అని కృపని అడిగాను. "చూస్తా" అంది. ఎప్పుడు చెప్తావు అన్నాను. "చూస్తా అన్నా కదా." దిగమంటారో లేదో తెలియక బెంచీ మీద కూర్చునే పిల్లలకి ఎలా ఉంటుందో, నలభై మూడేళ్లకి తెలిసింది.

సాయంత్రం 6.50. సాల్మన్ పైనుంచి ఫోన్ చేశాడు. దిగి వచ్చి అడగడానికి ఇంకా భయమే.

"వదినా, జూన్‌కి కృపని మొదట దించేదా, రిలీఫ్‌కే ఉంచేదా? మీరేమంటారు?"

అడిగాడు! మూడేళ్లలో మొదటిసారి నన్ను అడిగాడు! నా దగ్గర చార్టు ఉంది. మూడు రంగుల్లో ఉంది. మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి గొంతు దాకా వచ్చాయి.

"కృపని అడుగు సాల్మన్" అన్నాను.

"వదినా, ఒళ్లు బాగుండాదా?" అన్నాడు. ఫోన్ తీసుకెళ్లి కృపకి ఇచ్చి, గదిలోంచి బయటికొచ్చి, తలుపు కూడా వేశాను. చెవి మాత్రం ఇంకా తలుపు దగ్గరే ఉంది. ఈ రోజు అవడానికి ఇంకా అయిదు గంటలుంది.